కట్టమంచి వదిలేసిన కుర్చీ

కట్టమంచి రామలింగారెడ్డి పేరెత్తగానే తెలుగు చదువుకున్నవాళ్ళకు మూడు సంగతులు గుర్తొస్తాయి. ముసలమ్మ మరణం అనే కావ్యం, కవిత్వతత్త్వ విచారం అనే విమర్శ పుస్తకం, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, అంటే ఆంధ్ర విశ్వవిద్యాలయం. నాలుగోది ఒకటుంది. జీవితచరిత్రలు రాసినవాళ్ళు దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు. విశ్వవిద్యాలయం పుట్టి అయిదేళ్ళన్నా నిండకుండా, మొదటి వైస్ ఛాన్సలర్‌గా ఉంటూ, ఆయన రాజీనామా చేశాడు. ఉప్పు సత్యాగ్రహం రోజులవి. ఉద్యమకారుల మీద ప్రభుత్వం సాగించిన అణచివేతకు నిరసనగా చేశాడు.

1926 ఏప్రిల్ 26న పుట్టిన సంస్థకు నూరేళ్ళు నిండాయి. ఈ సందర్భంలో నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆయన కట్టించినవి, రాసినవి, రప్పించిన మనుషులు, వీటన్నిటికన్నా ఆ కుర్చీలోంచి లేచి రావడమే ఆయన మనకిచ్చిన పెద్ద ఆస్తి. దాన్ని మనం నిలబెట్టుకోలేదు. నిలబెట్టుకోలేనివాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ సంగతి చివర్లో చెబుతాను, దాచుకోను.

ముందు ఆ రోజుల సంగతి. ఇవాళ విశాఖలో వాల్తేరు గుట్టల మీద ఆ చెట్లూ, ఆ రాతి భవనాలూ చూసినవాళ్ళకు అదంతా మొదటినుంచీ అక్కడే ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి అది బెజవాడలో మొదలైంది. తనకంటూ ఒక్క తరగతి గది లేని విశ్వవిద్యాలయం. అప్పటిదాకా మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉన్న కాలేజీలే దానికి దిక్కు. బందరు నోబుల్ కాలేజీ, రాజమండ్రి ప్రభుత్వ కళాశాల, కాకినాడ పి.ఆర్. కాలేజీ, విజయనగరం మహారాజావారి కళాశాల, గుంటూరు ఎ.సి. కాలేజీ. వీటిలో కొన్నిటికి అప్పటికే డెబ్బై ఎనభై ఏళ్ళ వయసు. ముసలి కాలేజీలన్నీ కలిసి ఒక పసిబిడ్డను తల్లి అని పిలవాలి. పైగా ముఖ్యస్థానం ఎక్కడ పెట్టాలన్న దాని మీద ఊరూరా పట్టుదలలు. బెజవాడ అన్నవాళ్ళున్నారు, రాజమండ్రి అన్నవాళ్ళున్నారు, విశాఖ అన్నవాళ్ళున్నారు. రాయలసీమవాళ్ళకైతే వీటిలో ఏదైనా దూరమే. చివరికి 1930లో వాల్తేరు ఖాయమైంది. సీమ జిల్లాలు మళ్ళీ మద్రాసు విశ్వవిద్యాలయం పంచకే చేరాయి. తిరుపతిలో విశ్వవిద్యాలయం వచ్చేదాకా, అంటే 1954 దాకా, వాళ్ళు ఆగాల్సి వచ్చింది. ఆంధ్ర పేరు పెట్టుకున్న మొదటి విశ్వవిద్యాలయానికి మొదటి పెద్ద చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టినవాడు. ఆయన పుట్టిన గడ్డ మీది పిల్లలు మాత్రం అందులో చదవకుండా పోయారు. ఈ మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కష్టంగా ఉంటుంది.

ఆ పేరు గురించీ ఒక మాట చెప్పాలి. ఆంధ్ర అన్న పేరుతో రాష్ట్రం వచ్చింది 1953లో. విశ్వవిద్యాలయం అంతకు 27 ఏళ్ళ ముందే వచ్చింది. ఎల్లలు గీయకముందే, అసెంబ్లీ లేకముందే, ఒక జాతి తన పేరు మొదట చదువుల గుడి మీద రాసుకుంది. ఆ పేరుకు ఎంత బరువుందో ఆ కుర్చీలో మొదట కూర్చున్నవాడికి తెలియకుండా ఉంటుందా!

ఆయన ఎలాంటివాడో కొంచెం చూడాలి. పుట్టింది 1880లో. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదివే రోజుల్లో, ఇంకా ఇరవై నిండకుండానే, ముసలమ్మ మరణం రాశాడు. పేరు చూసి పండు ముసలి కథ అనుకునేరు. ముసలమ్మ అనంతపురం సీమలో ఒక ఇంటి కోడలు, వయసులో ఉన్న పిల్ల. బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే ఊరిని కాపాడటానికి ఆ నీళ్ళకు తనను తాను అర్పించుకుంటుంది. రాజుల కథలూ దేవతల పెళ్ళిళ్ళూ వదిలి ఒక పల్లెటూరి ఆడపిల్లను కావ్యనాయికను చేశాడని విమర్శకులు మెచ్చుకున్నారు. నాకు ఇంకొకటి కనిపిస్తుంది. ఆమెను ఎవరూ ఈడ్చుకెళ్ళి తోయలేదు. ఆలోచించుకుంది, ఇంట్లోవాళ్ళకు చెప్పింది, నడిచి వెళ్ళింది.

తరవాత కేంబ్రిడ్జి. సెయింట్ జాన్స్ కాలేజీలో చరిత్ర చదివాడు. అక్కడి యూనియన్ సొసైటీకి ఉపాధ్యక్షుడుగా ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. వాదన ఆయనకు ఊపిరి. తిరిగొచ్చాక బరోడా, ఆ తర్వాత మైసూరు. మైసూరులో పాఠాలు చెప్పాడు, విద్యాశాఖ ఇన్‌స్పెక్టర్ జనరల్‌గా బడులన్నీ చూశాడు. 1914లో కవిత్వతత్త్వ విచారం అచ్చయింది. పింగళి సూరన కథ అల్లిన తీరును ఆకాశానికెత్తి, వర్ణనలే కవిత్వమనుకునే అలవాటును కడిగేశాడు. పండితులు మండిపడ్డారు. ఆయన చెప్పిన తీర్పులన్నిటినీ నేనూ ఒప్పుకోను. ప్రబంధాలన్నిటినీ ఒకే గాటన కట్టడం అన్యాయమే. కాని ఒక కావ్యాన్ని ముందు పెట్టుకుని ఇది ఎందుకు బాగుంది, ఇక్కడ ఈ మాటకు కారణమేమిటి అని నిలదీసే పద్ధతి మనకు అలవాటైంది ఆయన వల్లే.

అక్కడినుంచి రాజకీయాలు. జస్టిస్ పార్టీ. మద్రాసు శాసనమండలిలో పానగల్ రాజా మంత్రివర్గం, అంటే అప్పటిదాకా తానున్న పార్టీ మంత్రివర్గమే. 1923 నవంబరులో దాని మీద అవిశ్వాస తీర్మానం పెట్టింది ఈయనే. 44 ఓట్లు పడ్డాయి, ఎదురు 65 పడ్డాయి, తీర్మానం ఓడిపోయింది. ఓడిపోతామని తెలిసీ లేచి నిలబడి కాదనడం అప్పటికే ఆయనకు కొత్త కాదు.

ఇంత చెప్పింది ఎందుకంటే, ఆయన రాజీనామా ఆవేశంలో చేసిన పని కాదని నా నమ్మకం. అది ఆయన తత్వం. కావ్యం దగ్గర కారణం అడిగాడు, పార్టీలో కారణం అడిగాడు. చివరికి తన కుర్చీని కూడా అడిగాడు. జనాన్ని లాఠీలతో కొట్టించే ప్రభుత్వం కింద కూర్చుని ఆ జనం పిల్లలకు చదువు ఎలా చెప్పించడం? జవాబు దొరకలేదు. లేచి వచ్చేశాడు.

లేచి వస్తే ఏమైంది? కూలిపోలేదు. నా వాదనకు ఇదే ఊపిరి. 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. అయిదేళ్ళలో వాల్తేరు రూపు మారిపోయింది. అప్పటిదాకా ముఖ్యంగా పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థ, తానే పాఠం చెప్పే విశ్వవిద్యాలయంగా మారింది. భౌతికశాస్త్రానికి సూరి భగవంతం వచ్చాడు. రసాయనశాస్త్రానికి టి.ఆర్. శేషాద్రి వచ్చాడు. హీరేన్ ముఖర్జీ, వి.కె.ఆర్.వి. రావు లాంటి కుర్రవాళ్ళు వచ్చి పాఠాలు చెప్పారు. తెలుగు శాఖలో పింగళి లక్ష్మీకాంతం. 1933లో రవీంద్రుడు వచ్చి మనిషి గురించి ఉపన్యాసాలిచ్చాడు. జయపురం మహారాజా విక్రమదేవవర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చేందుకు ఒప్పుకున్నాడు. ఆ రోజుల్లో లక్ష! సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు.

నేను వాల్తేరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివేటప్పుడు, ఔట్ గేట్ దగ్గర టీ తాగుతూ ఈ మాట మీద పోట్లాడుకునేవాళ్ళం. అసలు ఈ విశ్వవిద్యాలయం కట్టింది ఎవరు? రెడ్డిగారా, రాధాకృష్ణనా? సైన్సువాళ్ళం రాధాకృష్ణన్ పక్షం. మా ల్యాబులు ఆయన రోజుల్లో లేచినవి కదా. తెలుగు ఎమ్మేవాళ్ళు రెడ్డిగారి పక్షం. ఆ వాదన ఎప్పుడూ తెగేది కాదు, హాస్టల్ మెస్సు మూసేస్తారన్న భయమే దాన్ని ఆపేది. ఇన్నేళ్ళకు నాకు తోచేదేమిటంటే, అలాంటి వాదన పుట్టడానికి వీలుండటమే రెడ్డిగారి గొప్ప. స్థాపించినవాడు కుర్చీని పట్టుకుని వేలాడితే రెండో మనిషి పేరు ఎవరికి తెలుస్తుంది? తాను లేకపోయినా నడిచేలా వదిలి వెళ్ళాడు. వచ్చినవాడు తనకన్నా పెద్దవాడైనా ఆ సంస్థ తట్టుకుంది.

1936లో రాధాకృష్ణన్ ఆక్స్‌ఫర్డ్ వెళ్ళారు. విశ్వవిద్యాలయం సభ అయిన సెనేట్ రెడ్డిగారిని మళ్ళీ ఎన్నుకుంది. ఎన్నుకుంది అన్న మాట గుర్తు పెట్టుకోండి, మళ్ళీ దాని దగ్గరికి వస్తాను. ఈసారి 1949 దాకా, పదమూడేళ్ళు. ఈ రెండో విడత గురించి నా మనసు రెండుగా ఉంటుంది. ఒక పక్క యుద్ధం. 1942 ఏప్రిల్‌లో విశాఖ మీద జపాను బాంబులు పడ్డాయి. విశ్వవిద్యాలయం మూటాముల్లె కట్టుకుని గుంటూరు చేరింది. భవనాల్లో సైన్యం దిగింది. ఆ చెదిరిన సంసారాన్ని ఒక కొలిక్కి తెచ్చి, యుద్ధం ముగిశాక మళ్ళీ వాల్తేరు చేర్చడం చిన్న పని కాదు. కెమిస్ట్రీ చదివినవాణ్ణి కనక చెబుతున్నాను, ఒక ల్యాబును ఒక గది నుంచి పక్క గదికి మార్చడమే నరకం. గాజు సామాను, ఆసిడ్లు, తూకాలు. అలాంటిది ఒక ఊరినుంచి ఇంకో ఊరికి!

ఇంకో పక్క, అదే మనిషి ఆ యుద్ధం రోజుల్లోనే బ్రిటిషువాళ్ళ చేత సర్ అనిపించుకున్నాడు. సత్యాగ్రహుల మీద లాఠీ లేచినందుకు కుర్చీ వదిలినవాడు, దేశంలో నాయకులంతా జైళ్ళలో ఉన్న కాలంలో ఆ బిరుదును మోశాడు. దీన్ని సమర్థించడానికి నేను ఎంత ప్రయత్నించినా నా మనసు ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం కోసం సర్దుకున్నాడని కొందరంటారు. కావచ్చు. పదమూడేళ్ళు కూర్చుంటే ఎవరైనా సర్దుకుంటారు. ఏలూరులో 1945లో పెట్టిన కాలేజీ మీదా, వాల్తేరులో మా స్నాతకోత్సవం జరిగిన హాలు మీదా ఆయన పేరు ముందు ఆ సర్ ఉంటుంది. నాకైతే ఆయన పేరుకు ఆ అక్షరాలు ముందుండటం కన్నా, మొదటి రాజీనామా వెనకుండటమే అందం.

అయినా ఆ రెండో విడతలో నాకు మనసు నిండే సంగతి ఒకటుంది. 1938లో గిడుగు రామమూర్తిగారికి కళాప్రపూర్ణ బిరుదు ఇచ్చారు. వాడుక భాష కోసం జీవితమంతా పండితులతో పోరాడిన గిడుగు. తాను బతికిన పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఆ ఊరినే వదిలి రాజమండ్రి వచ్చేసిన గిడుగు. ఒప్పుకోనిదాని దగ్గర ఉండలేక లేచి వచ్చిన మనిషిని, అలాగే ఒకసారి లేచి వచ్చిన మనిషి పెద్దగా ఉన్న విశ్వవిద్యాలయం పిలిచి గౌరవించింది.

ఆ సంస్థ ముద్ర మీద ఉన్న మాట తేజస్వి నావధీతమస్తు. ఉపనిషత్తు శాంతిమంత్రంలోది. మేమంతా దాన్ని చదువు వెలగాలి అని అర్థం చేసుకుని ఊరుకునేవాళ్ళం. ఒక సంస్కృతం మాస్టారు చాలా ఏళ్ళ తర్వాత నాకు విడమరిచి చెప్పారు. అందులో నౌ అన్నది ద్వివచనం. మన ఇద్దరి చదువు అని. చెప్పేవాడిదీ, చదివేవాడిదీ. ఇద్దరూ కలిసి చదివినదే వెలగాలి. ఆ మంత్రంలో దాని తర్వాతి ముక్క మా విద్విషావహై, మనం ఒకరినొకరు ద్వేషించుకోకుందుము గాక. చదువు చెడితే చెప్పినవాడికీ చదివినవాడికీ మధ్య పుట్టేది ద్వేషమేనని ఆ రాసినవాడికి తెలుసు.

ఇప్పుడు ఎన్నిక మాటకు వస్తాను. ఆ రోజుల్లో వైస్ ఛాన్సలర్‌ను సెనేట్ ఎన్నుకునేది. సెనేట్‌లో గొడవలుండేవి, ముఠాలుండేవి, అది దేవతల సభ కాదు. కాని కుర్చీలో కూర్చున్నవాడు ఎవరికి జవాబు చెప్పాలో అందరికీ తెలుసు. తరవాత్తరవాత అది సెర్చ్ కమిటీ, మూడు పేర్లు, ప్రభుత్వం, గవర్నరు అన్న దారిలోకి మారింది. పేరు ఏ దారిన వచ్చినా చివరికి సెక్రటేరియట్ గుమ్మం దాటి రావాలి. దాని ఫలితం 2024లో కళ్ళారా చూశాం. రాష్ట్రంలో ప్రభుత్వం మారింది. కొద్దివారాల్లో ఒకరి తర్వాత ఒకరు, చాలా విశ్వవిద్యాలయాల వైస్ ఛాన్సలర్లు రాజీనామాలిచ్చారు. ఇందులో ఏ పార్టీకీ నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. ఆ వచ్చినవాళ్ళలో, వెళ్ళినవాళ్ళలో మంచి పండితులుండవచ్చు. నన్ను కలచివేసింది ఒక్క మాటే. రాజీనామా అన్నది ఒకప్పుడు ప్రభుత్వాన్ని కాదనడానికి వాడిన మాట. ఇప్పుడది ప్రభుత్వం మారినప్పుడు ఇల్లు ఖాళీ చేయడానికి వాడే మాటయింది. మాట ఒకటే, అర్థం తలకిందులైంది.

ఈ మాట నేను ఒక మిత్రుడితో అన్నాను. ముప్పై ఏళ్ళు నాతో పాటు పాఠాలు చెప్పినవాడు. ఆయన ఊరుకోలేదు. "రెడ్డిగారికేమయ్యా, బ్రహ్మచారి. భూములున్నవాడు. పేరున్నవాడు. కుర్చీ వదిలితే రాజకీయం ఉంది, పుస్తకం ఉంది. మనకేముంది? నెల జీతం. పిల్లల ఫీజులు. మనల్ని ఆయనతో తూచకు" అన్నాడు. ఆ మాటలో నిజం ఉంది, కాదనను. లేచి రాగలిగిన స్థోమత అందరికీ ఉండదు. కాని మనం అడుగుతున్నది అందరినీ కాదు. పెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను అడుగుతున్నాం. స్థోమత ఉన్నవాడే లేచి రాకపోతే కిందున్నవాడు కాదనడం ఎక్కడ నేర్చుకుంటాడు? పైవాడు సంతకం పెట్టేస్తే కిందివాడి కలం కూడా అటే నడుస్తుంది. ఆయన అన్న ఆ నెల జీతం మాట వింటున్నప్పుడు నా గొంతులో ఏదో అడ్డం పడింది. ఎందుకంటే నా కలం కూడా ఒకసారి అలాగే నడిచింది.

ఏ విశ్వవిద్యాలయమో చెప్పను, నేను చదివింది మాత్రం కాదు. ఏ ఊరో చెప్పను. ఒక కొత్త డిగ్రీ కాలేజీకి అఫిలియేషన్, అంటే విశ్వవిద్యాలయం గుర్తింపు, ఇవ్వవచ్చా లేదా అని చూసి రమ్మని ముగ్గురం తనిఖీ కమిటీగా వెళ్ళాం. కెమిస్ట్రీకి నేను. షెడ్డులాంటి గదిలో నాలుగు బల్లలు. గ్యాసు లైను లేదు. బీరువాలో బ్యూరెట్లు, ద్రవాన్ని చుక్కచుక్కగా కొలిచి వదిలే గాజు గొట్టాలు, పెట్టెల్లోనే ఉన్నాయి, వాటి మీది ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు. నీళ్ళ కొళాయి తిప్పితే గాలి వచ్చింది. లైబ్రరీ మాత్రం నిండుగా ఉంది. రాకుల నిండా పుస్తకాలు. ఒకటి తీశాను. మొదటి పేజీ మీద ఉండాల్సిన ముద్ర చోట తెల్ల కాగితం అంటించారు. లైబ్రరీల్లో ముద్ర మొదటి పేజీ మీదే కాదు, లోపల ఒక రహస్య పేజీ మీద కూడా వేస్తారు. దొంగతనం జరిగితే పట్టుకోవడానికి. లోపలి పేజీలు తిప్పాను. నలభై మైళ్ళ అవతలున్న ఇంకో కాలేజీ ముద్ర, నీలం రంగులో, స్పష్టంగా. ఇంకో పుస్తకం తీశాను. అదే. ఆ మధ్యాహ్నానికి అద్దెకు తెచ్చిన పుస్తకాలు.

భోజనాలయ్యాయి. రిపోర్టు టైపు చేసి సిద్ధంగా పెట్టారు. మొదటి ఇద్దరూ సంతకం చేశారు. వాళ్ళు నాకన్నా పెద్దవాళ్ళు. ఒకాయన నా భుజం మీద చెయ్యి వేసి, ఏడాదిలో అన్నీ సమకూర్చుకుంటారులే నాయనా, పల్లెటూరి పిల్లలకు కాలేజీ వస్తుంది కదా అన్నాడు. నేను రహస్య పేజీ మాట ఎత్తలేదు. సంతకం పెట్టాను. ఎవరూ నన్ను బెదిరించలేదు. ఒక్క అరగంట ఇబ్బంది పడటం ఇష్టంలేక పెట్టాను. ఆ రోజు కాదంటే నాకు పోయేది ఉద్యోగం కూడా కాదు, తరవాతి కమిటీలో చోటు మాత్రమే. ఆ చోటు కోసం రెడ్డిగారి ఆస్తిలో నా వాటా నేను అమ్ముకున్నాను.

మొదటి వైస్ ఛాన్సలర్ ఏలిన విశ్వవిద్యాలయం అచ్చంగా ఇలాంటి కాలేజీల పెద్దరికమే. భవనం లేని ఆ తొలి రోజుల్లో దానికున్న ఆస్తి ఒక్కటే, ఏ కాలేజీ తన పేరు పెట్టుకోవచ్చో, ఏది పెట్టుకోకూడదో చెప్పే మాట. తన మాటకు విలువ తెచ్చుకోవడమే దాని పని. అవునన్న మాటకు విలువ ఎప్పుడొస్తుంది? కాదనడం వచ్చినవాడు అన్నప్పుడు. ఆ రాజీనామాను నేను ఇంతగా పట్టుకుని వేలాడటానికి కారణం ఇదే. ఈ తనిఖీ సంగతి జరిగి ఉండకపోతే నేను కూడా ఆయన గురించి ముసలమ్మ మరణం, కవిత్వతత్త్వ విచారం అని రాసి ముగించేవాణ్ణేమో.

నేను రిటైరయ్యాక ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. ఎమ్మెస్సీ ఎంట్రన్సు రాయాలి, కొంచెం చెప్పండి సార్ అని. ఎక్కడ చదివావమ్మా అంటే ఆ కాలేజీ పేరే చెప్పింది. ఫస్టు క్లాసు. థియరీ గడగడా చెబుతోంది, తెలివైన పిల్ల. బ్యూరెట్‌తో చేసే టైట్రేషన్ ప్రయోగం దగ్గర ఆగిపోయింది. రికార్డు బోర్డు మీద చూసి రాసుకున్నాం సార్, బ్యూరెట్ ఎప్పుడూ చేత్తో పట్టుకోలేదు అంది. మామూలుగా చెప్పింది, ఎవరినీ నిందించకుండా. ఆ రిపోర్టు మీద మూడో సంతకం ఎవరిదో ఆమెకు తెలియదు. నేను ఆ రోజు చెప్పలేకపోయాను. ఇక్కడ చెబుతున్నాను, ఆమె ఇది చదివితే చదవనీ.

మా ఇంట్లో పాత బ్యూరెట్ ఒకటుంది. స్టాండుకు బిగించి కిటికీ దగ్గర పెట్టాను. ఆసిడ్డూ లేదు, ఇండికేటరూ లేదు, ఉత్త నీళ్ళే పోశాను. ఎడమ చేత్తో కాక్ తిప్పడం చూపించాను. మొదటిసారి ధారగా వదిలేసింది. రెండోసారి చుక్కలు పడ్డాయి. రీడింగు చెప్పమంటే నిలబడే పైనుంచి చూసింది.

"అలా కాదమ్మా. వంగు. నీ కన్నూ నీటి మట్టమూ ఒక ఎత్తులో ఉండాలి."

వంగింది. ఒక కన్ను మూసుకుంది. చాలాసేపు చూసింది.

"ఇరవై మూడు పాయింట్ నాలుగు సార్" అంది.

నేనూ వంగి చూశాను. సరిగ్గా అంతే ఉంది.